వాన డప్పు దొంగ దొరకకూడదు!

సోంబరు కొండ ఎక్కనన్నాడు.

కొండ మీద గుహ ఉంది. గుహలో మూడు తలల భూతం ఉంది. ఆ భూతం వెనకాల, ఎవరో దొంగిలించి దాచిన వాన డప్పు ఉంది. అది మోగితే తప్ప ఆ రాజ్యంలో చినుకు పడదు. పొలాలు నెర్రెలు విచ్చాయి. రాణిగారు కంటతడి పెట్టారు. ప్రజలు ఆకాశం వంక చూస్తూ నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు, ఆ రాజ్యాన్ని ఉద్ధరించవలసిన ముగ్గురు వీరులూ కొండ మొదట్లో చతికిలబడి, రాళ్ళు పేర్చి పొయ్యి రాజేసి, చోడిజావ కాయడం మొదలుపెట్టారు!

“తాగీసి ఆలోసిద్దుం మాస్టారూ. భూతం ఎక్కడికి పోతాది?” అన్నాడు సోంబరు.

రాబిన్ మాస్టారి నుదుట చెమట పట్టింది. ఆ భూతాన్ని తయారు చేయడానికి అతను వారం రోజులు కష్టపడ్డాడు. ఒక్కో తలకు ఒక్కో గొంతు సాధన చేశాడు. ఇప్పుడది ఆకలితో, అవమానంతో గుహలో కూర్చుని ఉంది. కింద వీరులు జావలో ఉప్పు సరిపోయిందా లేదా అని వాదించుకుంటున్నారు.

పాఠక మహాశయులారా! ఇందుకే ఘోషిస్తున్నాను. ఆటగాళ్ళకు సొంత ఇష్టం అనేది ఉండకూడదు! కథ నడిపేవాడు ఎటు తోలితే అటు పోవడమే వాళ్ళ ధర్మం. అందులోనే వాళ్ళ సుఖం ఉంది, రాజ్య క్షేమం ఉంది, భూతం మర్యాద కూడా ఉంది!

ఇదేం ఆట అని మీరు అడగవచ్చు. రెండు వేల మూడులో అరకు లోయలో అందరూ అదే అడిగారు. రాబిన్ మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. విశాఖపట్నంలో బీయీడీ చదివేటప్పుడు హాస్టల్ రూమ్మేట్ దగ్గర ఈ జబ్బు అంటించుకున్నాడు. జెరాక్సు తీసిన రూల్సు కట్ట, సంచీ నిండా వింత పాచికలు మోసుకొచ్చాడు. ఆట చాలా తేలిక. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషిగా మారి, “నేనిప్పుడు ఇది చేస్తాను” అంటారు. చేయగలరా లేదా అని అనుమానం వస్తే ఇరవై ముఖాల పాచిక దొర్లిస్తారు. అంతే! గెలుపు లేదు, ఓటమి లేదు, పందెం లేదు. పందెం లేదు కాబట్టే చర్చి పెద్దలు పోనీలే అని ఊరుకున్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, ఖాళీ క్లాసురూములో, రేకుల కప్పు కింద ఆట. మిషన్ ఆస్పత్రి నర్సు దెబోరా కత్తి పట్టిన వీరనారి. వారమంతా జనానికి కట్లు కట్టీ కట్టీ విసిగి, ఆదివారం నాడు తనే గాయాలు చేస్తానని పట్టుబట్టింది. జీపు సోంబరు మహామంత్రి. ఆయన పాచిక బల్ల కిందకి దొర్లితే ఎప్పుడూ పెద్ద అంకే పడుతుంది. కాబట్టి ఎప్పుడూ బల్ల కిందకే దొర్లుతుంది. టూరిస్టు హోటల్లో థింసా ఆడే భాను విలుకత్తె.

ఈ ముగ్గురికీ రాబిన్ మొదట్లో స్వేచ్ఛ ఇచ్చాడు. పాపం, చిన్నవాడు, తెలియక ఇచ్చాడు! ఏం జరిగిందో చూడండి.

“మీ రాజ్యంలో సంత ఏ వారం మాస్టారూ?” అని భాను అడిగింది.

రాబిన్ దగ్గర రాజవంశ చరిత్ర ఉంది. కోట బురుజుల కొలతలున్నాయి. భూతం తాతగారి పేరు కూడా ఉంది. సంత లేదు.

“సంత లేదు,” అన్నాడు.

“నేదా! మరి ఉప్పెక్కడ కొంటారు?”

“ఎండు సేపలో?” అన్నాడు సోంబరు, అంతకంటే దిగులుగా.

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురూ కలిసి ఆ రాజ్యంలో సంత పెట్టారు! ఏ దుకాణం ఎక్కడుండాలి, కోళ్ళు ఎటువైపు, కుండలు ఎటువైపు అని తేల్చారు. శుక్రవారం పెడదామంటే భాను ఒప్పుకోలేదు. ఆ రోజు అరకు సంత ఉంటుందట, జనం రెండు చోట్లకీ పోలేరట. గురువారానికి మార్చారు. డప్పు పోయిందనీ, వాన లేదనీ, రాణిగారు ఇంకా ఏడుస్తున్నారనీ ఒక్కరికీ గుర్తు లేదు!

ఇలాంటివాళ్ళకా స్వేచ్ఛ?

అప్పటి నుంచి రాబిన్ జాగ్రత్తపడ్డాడు. వాళ్ళు గుహకు పోకుండా తూర్పుకు పోయారు. తూర్పున వంతెన కూలిపోయింది. పడమరకు తిరిగారు. అక్కడ దుమ్ము తుఫాను. సరే, ఉత్తరాన అడవిలోకి దూరదామని దూరారు. అడవి మధ్యలో ఏముంది? గుహ!

“ఇది దచ్చినాన గదా ఉండాల?” అంది దెబోరా.

“ఇది వేరే గుహ అక్కా.”

“దీని లోపల కూడా మూడు తలల భూతమేనా?”

రాబిన్ రూల్సు కట్టలో తల దూర్చాడు.

“బొర్రా గుహలు సూడు, ఎన్నేళ్ళయినా ఉన్నచోటే ఉంటాయి. మాస్టారి గుహకి కాళ్ళున్నాయిరా బాబూ! నా జీపు కన్నా బేగి తిరుగుతంది!” అన్నాడు సోంబరు.

నవ్వండి, నవ్వండి. కానీ అందులో తప్పేముంది? కొత్తవలసలో కిరండూల్ ప్యాసింజరు ఎక్కినవాడు ఏం చేస్తున్నాడు? పట్టాలు ఎటుపోతే అటు పోతున్నాడు. సొరంగం మధ్యలో లేచి, “నేను ఎడమకు తిరిగి ఆ జీడిమామిడి తోటలో దిగుతాను” అంటున్నాడా? అనడం లేదు! కాళ్ళు చాపుకుని, బొంగరాల్లా తిరిగే లోయల్ని చూసి, అరకులో దిగి, ఆహా ఎంత బాగుందంటున్నాడు. పట్టాలు లేకపోతే ఆ అందం ఎక్కడిది?

అసలు ఈ కొండల్లో ఎవరి ఇష్టం ఎవరు అడిగారు? ఏటికి అడ్డంగా డ్యాము కట్టిననాడు, ఎటు పోతావమ్మా అని ఏటిని అడిగారా? గట్టు వెనక మునిగిన ఊరిని అడిగారా? ఇక్కడ కాఫీ వేయండన్నారు, వేశారు. నీడకు ఫలానా చెట్టు నాటండన్నారు, నాటారు. దాని మీదకు మిరియం పాకించండన్నారు, పాకించారు. ఆ కాఫీ ఎలా ఉందో ఒక గుక్క తాగి చెప్పండని మాత్రం ఎవరూ అడగలేదు. అడగనందువల్ల చక్కెర ఎంత మిగిలిందో ఆలోచించండి!

భానును చూడండి. సాయంత్రం టూరిస్టు బస్సు దిగగానే హోటల్ మేనేజరు ఈల వేస్తాడు. థింసా మొదలు. ఇంకో ఈల వేస్తాడు. ఆపు. ఎవరో కెమెరా సరిచేసుకుని “వన్స్ మోర్” అంటే మళ్ళీ ఈల. కాలు నొప్పా, కడుపు నొప్పా, మనసు బాగా లేదా? ఆ గొడవే లేదు! దెబోరాకు ఏ పూట డ్యూటీయో, ఏ వార్డో మేట్రన్ ముందే నిర్ణయించి పెడుతుంది. సోంబరు సంగతి చెప్పనక్కరలేదు. జీపు ఆయనది, స్టీరింగు ఆయనది, మీసం ఆయనది. ఎక్కడ ఆగాలో మాత్రం వెనక వేలాడేవాళ్ళు రేకు మీద దబదబా కొట్టి చెబుతారు.

వారమంతా ఇంత చక్కగా ఇంకొకరి మాట మీద నడిచే మనుషులు, ఆదివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి “నేనైతే ఇలా చేస్తాను” అంటే ఆరోగ్యానికి ఎంత ముప్పు! అలవాటు లేని తిండి పడుతుందా? రాబిన్ ఆ ముప్పు తప్పించాడు. అతణ్ని సన్మానించాలి!

ఇక అసలు సంగతి. డప్పు దొంగ సంగతి.

మొదట్లో రాబిన్ అనుకున్న దొంగ పూజారి. నెలల తరబడి నడవవలసిన సస్పెన్సు! పాచిక పట్టిన మొదటి మధ్యాహ్నమే భాను పూజారి చెయ్యి పట్టుకుంది.

“ఈడే మాస్టారూ. గుడిలోనే ఉన్నాను, కదల్లేదు అంటన్నాడు గదా, మరి కాళ్ళకి అంత బురదేటి? వానే నేని రాజ్యంలో బురద ఉండేది చెరువు కాడే. డప్పు పోనది చెరువు గట్టు మీదే.”

ఆ గుంట ముఖం చూడాల్సింది! కళ్ళు వెలిగిపోయాయి. ఎవరూ ఈల వేయకుండా తనంతట తాను గెలిచిన ముఖం అది.

రాబిన్ మాత్రం లెక్క వేసుకున్నాడు. దొంగ దొరికితే కథ అయిపోతుంది. కథ అయిపోతే వచ్చే ఆదివారం ఏముంది? క్వార్టర్సులో ఆరని బట్టలు, గరగరమనే రేడియో, కిటికీలోంచి వాన. ఈ లోయలో అతనితో నవ్వే మనుషులు ఈ ముగ్గురే. వాళ్ళు రాకపోతే?

“పూజారి కాదు,” అన్నాడు రాబిన్ గబగబా. “ఆ పూట పూజారి ఊళ్ళోనే లేడు. సేనాపతి సాక్ష్యం చెప్పాడు. ఆ బురద... పాత బురద.”

భాను కళ్ళు ఆరిపోయాయి. “అయితే సరే,” అంది.

ఆ క్షణం నుంచి దొంగ సేనాపతి. కొన్ని వారాలకు దెబోరా సేనాపతి చొక్కా విప్పించి, డప్పు తాడు ఒరుసుకుని భుజం మీద పడిన వాత చూపించింది. “ఆ రోజు సేనాపతికి జ్వరం!” అన్నాడు రాబిన్. “ఎంతుంది జ్వరం? ఏ మందిచ్చారు?” అంది నర్సు. అతను తడబడ్డాడు కానీ తప్పించుకున్నాడు. ఆ క్షణం నుంచి దొంగ రాణి. సోంబరు ఏ ఆధారమూ లేకుండా, ఎవరో ఒకర్ని అనాలి కాబట్టి, రాణినే అన్నాడు. రాణి ఆ పూట స్నానం చేస్తోందని తేలింది. దొంగ వంటవాడయ్యాడు. వంటవాడి మీద అనుమానం రాగానే తోటమాలి అయ్యాడు.

ఇది మోసమా? ఎంత మాట! దీన్ని ట్విస్టు అంటారు. పాఠకుడికి తెలిసిపోయిన దొంగ కూడా ఒక దొంగేనా? పట్టుకున్న ప్రతివాడూ నిర్దోషి అయ్యే రాజ్యం ఎంత పవిత్రమైనది! అలాంటి రాజ్యంలో పోలీసులకు ఎంత తీరిక!

కానీ కృతజ్ఞత లేని మనుషులు. కిందటి ఆదివారం వెళ్ళేటప్పుడు దెబోరా గొడుగు విప్పుతూ చెప్పేసింది.

“తమ్ముడూ, వచ్చే వారం దొంగ దొరకాల. నేదంటే ఇంక మేం రాం. నాకు ఉతుక్కోవాల్సిన బట్టలు బోల్డున్నాయి.”

అందుకే రాబిన్ ఈ ఆదివారానికి పట్టాలు గట్టిగా బిగించుకొచ్చాడు. వీరులు కొండ ఎక్కుతారు. భూతాన్ని కొడతారు. డప్పు దొరుకుతుంది. చేయి వేయబోయేసరికి చీకట్లోంచి ముసుగు మనిషి దూకి, డప్పు లాక్కుని మాయమవుతాడు! దొంగ కనిపించినట్టే ఉంటుంది, దొరకడు. ఇంకో ఆదివారం మిగులుతుంది. ఎంత ముందుచూపు!

ఇప్పుడా ముందుచూపు అంతా కొండ కింద జావ కాసుకుంటోంది.

“పులి వస్తోంది!” అన్నాడు రాబిన్ తెగించి. “పొదల్లో గాండ్రింపు! కొండ మీదకు పరుగెత్తకపోతే ప్రాణాలు దక్కవు!”

సోంబరు పాచిక విసిరాడు. అది బల్ల కిందకు దొర్లింది. ఆయన వంగి చూసి, లేచి, మీసం దువ్వుకున్నాడు.

“ఇరవై. నాను దాని కళ్ళలోకి సూసినాను. కూకుంది.”

“పులికి కూడా గిన్నె పెట్టండి,” అంది దెబోరా.

భాను మాత్రం నవ్వలేదు. చేతిలో కాల్చిన మొక్కజొన్న కంకి తిప్పుతూ ఆలోచిస్తోంది.

“కొండ ఎక్కి ఏటి సేత్తాం?” అంది. “డప్పు దొరికితే దొరుకుతాది. దొంగ దొరకడు గదా. మా ఊరి లెక్కన ఊరందర్నీ కూకోబెడదుం.”

“అదేటి?” అంది దెబోరా.

భాను వాళ్ళ ఊళ్ళో ఏదైనా పోతే ఎవరు తీశారని ఎవరూ అడగరట. చిన్నా పెద్దా అందరూ వచ్చి గుండ్రంగా కూర్చోవాలి. ఒక్కొక్కరి పేరూ పిలుస్తారు. పిలిచినప్పుడు ఇంకొకరు లేచి, “ఆ పూట ఈడు నా కళ్ళ ముందున్నాడు” అనాలి. ఎవరి కోసం ఎవరూ లేవరో, వాళ్ళు చివరికి మిగిలిపోతారు. అంతే, కొట్టేది లేదు, తిట్టేది లేదు.

రాబిన్ మనసు తేలికపడింది. ఇంతేనా! రాజ్యంలో అందరి నోళ్ళూ అతనివే కదా. అందరికీ సాక్ష్యం చెప్పించేస్తే, దారిలేక వాళ్ళే కొండ ఎక్కుతారు.

“కూర్చోబెట్టండి!” అన్నాడు ఉదారంగా.

కూర్చోబెట్టారు. పూజారిని పిలిచారు. సేనాపతి లేచాడు. సేనాపతిని పిలిచారు. రాజవైద్యుడు లేచాడు. రాజవైద్యుడి కోసం ఆయన భార్య, రాణి కోసం చెలికత్తె, చెలికత్తె కోసం వంటవాడు, వంటవాడి కోసం తోటమాలి లేచారు. తోటమాలి కోసం స్వయంగా రాణిగారే సింహాసనం దిగి వచ్చారు! రాబిన్ ఒక్కొక్కరికీ ఒక్కో గొంతు పెట్టాడు. సన్నగా, బొంగురుగా, దగ్గుతూ. తలా ఒక సాక్షి దొరుకుతుంటే అతనికి హుషారు పెరిగింది. చివరికి పొలిమేరలో నిద్రపోయే కాపలా కుర్రాడికి కూడా దారినపోయే సాధువు చేత సాక్ష్యం చెప్పించాడు.

“ఇంకెవరైనా ఉన్నారా?” అన్నాడు గర్వంగా.

“కోటలో మేకుంది గదా,” అంది భాను, కంకి గింజ ఒలుస్తూ. “డప్పుకి తోలుంటాది. నాకీసి ఈడ్సుకుపోయిందేమో.”

“మేక కాదు!” అన్నాడు రాబిన్, ఊపిరి తీసుకోకుండా. “మేక ఆ పూట కోటలోనే లేదు. కుంటుతోందని వైద్యుడి పెరట్లో కట్టేశారు. వైద్యుడి భార్య చూసింది!”

 క్లాసురూము రేకుల మీద వాన పడుతోంది.

దెబోరా మెల్లగా టీ గ్లాసు కింద పెట్టింది. “మేకకి కూడా సాచ్చి ఉంది,” అంది.

“అంటే డప్పు ఎవులూ ఎత్తుకుపోనేదన్నమాట,” అన్నాడు సోంబరు. “మరి పోనదెలాగ?”

“ఒకరు మిగిలిపోనారు మామా,” అంది భాను.

“ఎవరే గుంటా?”

భాను రాబిన్ వైపు చూసింది. తర్వాత దెబోరా చూసింది. సోంబరుకు కాస్త ఆలస్యంగా వెలిగింది కానీ, వెలిగాక ఆయన అందరికంటే గట్టిగా చూశాడు.

“నేనా?” అన్నాడు రాబిన్. నవ్వబోయాడు, రాలేదు. “నేను ఆటలో లేను కదా!”

“నువ్వు లేనిదెక్కడ తమ్ముడూ?” అంది దెబోరా. “పూజారి గొంతు నీదే. రాణి గొంతు నీదే. మేక మాట కూడా నువ్వే సెప్పినావు. ఆటలో లేనిది మేమే.”

రాబిన్ తల వంచుకున్నాడు. లెక్కల మాస్టారి భాష జారిపోయి, చిన్నప్పటి మాట బయటికొచ్చింది.

“దొంగ దొరికితే కత అయిపోతాది గదక్కా. అయిపోతే మీరు రారు గదా.”

“ఒక కత అయిపోతే ఇంకోటి ఉండదా?” అంది భాను. గొంతు పెంచలేదు. “హోటల్ల ఈల కొడితే ఆడతాను, ఈల కొడితే ఆపుతాను. ఇక్కడ ఆ పూజారి కాళ్ళు నానే సూసినాను. ఎవులూ సెప్పలేదు నాకు. నాకు నానే పట్టీసినాను. మీరు దాన్ని తీసీసుకున్నారు మాస్టారూ. డప్పు కాదు పోనది.”

పాఠకులారా! రాబిన్ కోసం ఎవరైనా లేస్తారా? నిజం చెప్పాలంటే నేను లేద్దామనే అనుకున్నాను. ఇంతసేపు ఇంత వాదన చేసింది అందుకే. ఆ పూట ఇతను నా కళ్ళ ముందే ఉన్నాడు అని గట్టిగా చెప్పేద్దామని లేవబోయాను. ఉన్నమాట నిజమే. ఏం చేస్తూ ఉన్నాడో కూడా అప్పుడే చూశాను కాబట్టి, కూర్చుండిపోవలసి వచ్చింది.

“మీ ఊళ్ళో మిగిలిపోనోడిని ఏటి సేత్తారే?” అని సోంబరు గుసగుసగా భానును అడిగాడు. ఆయన ముఖంలో నిజంగానే బెంగ కనబడింది.

“ఏటి సేత్తాం? జావ పోసి అందరితో పాటే కూకోబెడతాం. ఆ ఏడాదంతా ఆడి మాట ఆకర్న ఇంటాం. ముందు మన మాటలన్నీ అయిపోవాల.”

సోంబరు తన గ్లాసులోని టీ సగం ఇంకో గ్లాసులో వంచి రాబిన్ ముందుకు తోశాడు. దెబోరా బెంచీ మీద జరిగి చోటిచ్చింది. రాబిన్ మాస్టారి కుర్చీలోంచి లేచి, వచ్చి ఆ చోట్లో కూర్చున్నాడు. గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు.

“పేరు సెప్పాల ఇంక,” అంది భాను. “సొత్తు ఎవరిది పోతే ఆళ్ళే సెప్పాల. ఊరంతకీ ఇనబడాల.”

ఆమె లేచి నిలబడింది. వాన రేకుల మీద ఇంకా జోరందుకుంది. ఎవరి ఈల కోసమూ ఆగకుండా, చప్పుడు తగ్గేదాకా కూడా ఆగకుండా, దాన్ని మించిన గొంతుతో అరిచింది.

“డప్పు దొంగ రాబిన్ మాస్టారు!”